ఒక్కరికి వేసిన విస్తరి

2024 ఫిబ్రవరి 14, బుధవారం, విశాఖపట్నం

ఈ రోజు ప్రేమికుల రోజు. పంచాంగం ప్రకారం శ్రీపంచమి కూడా. దీనికే మదన పంచమి అన్న పేరుందని, పూర్వం ఈ తిథినాడు రతీమన్మథులను పూజించేవారని అమ్మమ్మ చెబుతుండేది. రెండూ ఒకే రోజున పడడం సంతోషంగా అనిపించి, మధ్యాహ్నం ఆఫీసు క్యాంటీనుకు వెళ్లకుండా, నాకు నచ్చిన భోజనం బయట తీరికగా చేయాలని పొద్దున్నే నిశ్చయించుకున్నాను.

మొదట సిరిపురంలో ఒక రెస్టారెంటుకు వెళ్లాను. మెట్ల మొదలు నుంచి పైదాకా ఎర్ర బెలూన్లు కట్టారు. తలుపు దగ్గర నిలబడ్డ అబ్బాయి "ఎంతమందండీ?" అని అడిగి, ఒక్కదాన్నే అనగానే ఇబ్బందిగా లోపలికి ఒకసారి చూసి, ఈ రోజు టేబుళ్లన్నీ జంటలకే ఇస్తున్నామని చెప్పాడు. అతను చేయగలిగింది ఏమీ లేదని తెలుసు. అయినా మెట్లు దిగుతున్నంతసేపూ మనసు చివుక్కుమంటూనే ఉంది. అన్నం పెట్టే చోట, ఆకలితో వచ్చిన మనిషిని పక్కన ఎవరున్నారని అడగకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

అక్కడి నుంచి నడుచుకుంటూ ద్వారకానగర్‌లో నేను తరచూ వెళ్లే భోజన హోటలుకు చేరుకున్నాను. వడ్డించే పెద్దాయన నన్ను చూడగానే "రండమ్మా, కిటికీ పక్కన ఖాళీగా ఉంది" అని, ఇంకెవరైనా వస్తారా అని అడగకుండానే అరిటాకు పరిచారు. ఆకు మీద నీళ్లు చిలకరించి, అరచేత్తో తుడుచుకుని, ఫోనును సంచిలో పడేశాను. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడితో మొదటి వాయి అయ్యాక వంజరం పులుసు వచ్చింది. గిన్నె అంచు చుట్టూ నూనె తేలి, మధ్యలో చీల్చిన పచ్చిమిరపకాయ ఒకటి కనబడుతోంది. ముక్కను వేలితో కదిపితే పొరలు పొరలుగా విడిపోయింది. ముందు చింతపండు పులుపు, దాని వెనక కారం, అన్నీ సర్దుకున్నాక నాలుక చివర మెంతిపొడి చిరుచేదు తెలిశాయి. ఎదుట ఎవరైనా ఉండి ఉంటే, మాట్లాడుతూ, వింటూ, ఆ చేదు సంగతి గమనించకుండానే తినేసి ఉండేదాన్ని. పెరుగన్నం దాకా ఎక్కడా తొందరపడలేదు. తిన్నంతసేపూ నాకు ఎవరూ లేరన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు.

సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి ఆర్కే బీచికి వెళ్లాను. ఒకామె భర్త ఉద్యోగరీత్యా గల్ఫులో ఉన్నాడు, మరొకామె నాలాగే పెళ్లి చేసుకోలేదు. కురుసుర జలాంతర్గామి దగ్గర గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ తీసుకున్నాం. బండి అబ్బాయి మరమరాల్లో ఉల్లి, టమాటా ముక్కలు, పల్లీలు వేసి, నిమ్మకాయ పిండి, డబ్బాను టకటకలాడిస్తూ కలిపి, కాగితం పొట్లాల్లో ఇచ్చాడు. స్నేహితురాలి చెల్లెలు హెల్సింకీలో చదువుకుంటోంది. ఫిన్లండ్‌లో ఫిబ్రవరి 14ను స్నేహితుల రోజుగానే పిలుస్తారని, ఒకరికొకరు కార్డులు పంపుకుంటారని ఆమె చెప్పిందట. దక్షిణ కొరియాలో అయితే ఏప్రిల్ 14న జంట లేనివాళ్లు నల్లబట్టలు వేసుకుని, నల్లటి సాసు కలిపిన నూడుల్స్ తింటారని నేను ఎక్కడో చదివాను. ఫిన్లండ్ వాళ్ల పద్ధతి నాకు ఎంతో నచ్చింది. కొరియా వాళ్లు ఆ రోజు ఒకచోట చేరి తినడం బాగానే ఉంది కానీ, జంట లేకపోవడానికి నల్లబట్టలు ఎందుకు?

మా వెనక చీకట్లో కురుసుర నల్లగా కనబడుతోంది. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసి, 2002లో మ్యూజియం అయింది. చిన్నప్పుడు లోపలికి వెళ్లినప్పుడు, అంత ఇరుకులో 70 మందికి పైగా ఉండేవారని విని ఆశ్చర్యపోయాను. ఇంటికి, భార్యాపిల్లలకు దూరంగా, సముద్రం అడుగున పండగలూ పుట్టినరోజులూ గడిచిపోతుంటే, ఆ నావికులు భుజాలు తగులుకుంటూ కూర్చుని తిన్న భోజనాల గురించి ఈ రోజు మొదటిసారి ఆలోచించాను. గల్ఫు నుంచి ఫోను వచ్చినప్పుడు నా స్నేహితురాలు కెమెరా ముందు మా ముగ్గురి పొట్లాలూ వరుసగా చూపించింది. ఆయన నిమ్మకాయ బాగా పిండించుకోమన్నారు.

ఇంటికి వచ్చాక అమ్మకు ఫోను చేశాను. ఎవరితో వెళ్లావని అడగలేదు, ఏం తిన్నావని అడిగింది. పప్పు నుంచి పెరుగు వరకు వరుసగా చెప్పాను. మెంతిపొడి దగ్గర ఆపి, ఎంత వేశారో తెలిసిందా అని ఆరా తీసింది. "అయినా చేపల పులుసు మర్నాటికి కదే రుచి, కాస్త కట్టించుకుని రావలసింది" అంది.