మా చిన్నాయన గాలాలు

ఈ మృగశిర కార్తెకు మా చిన్నాయన పోయి ఏడాది. నల్గొండలో మోటర్ వైండింగ్ పని ఆయనది. బోర్ల మీద బతికే ఊళ్లు కదా, లో వోల్టేజీకి ఎండాకాలమంతా మోటర్లు కాలిపోయేవి, పొలం ఎండుతోందని ఏ రైతన్నా వచ్చి షాపు ముందు కూర్చుంటే రాత్రంతా మేలుకొని రాగి తీగ చుట్టి, వార్నిష్ పోసి, తెల్లారి పంపేవాడు. ఆదివారం వచ్చిందంటే మాత్రం పానగల్లులో ఉదయసముద్రం చెరువు కట్ట మీదే, గాలం వేసుకుంటూ.

ముల్లు, నైలాన్ దారం తప్ప ఇంకేదీ కొనేవాడు కాదు. అరిగిన హవాయి చెప్పు గుండ్రంగా కోస్తే బెండు. దారం చుట్టడానికి పౌడర్ డబ్బా. కర్ర కొసకు మువ్వ కట్టింది మా కోసం, పిల్లలం నీళ్ల వైపు చూస్తూ ఎంతసేపని కూర్చుంటాం, ఆడుకుంటూ ఉండి అది మోగగానే ఉరికొచ్చేవాళ్లం.

కొర్రమీను గాలి పీల్చడానికి పైకి వస్తుంది, బుడగ ఎక్కడ లేచిందో చూసి గాలం వెయ్యాలని నేర్పాడు. కానీ ఎర్రటి పిల్లల గుంపు నీళ్ల మీద కనబడిందంటే ఇక వేసేవాడు కాదు. కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి, దగ్గరికి ఏదొచ్చినా మీదపడి కరుస్తాయి, పట్టడం చాలా తేలిక. ఆయన దారం చుట్టేసి "పద బిడ్డా, ఇంకో తావుకు పోదాం" అనేవాడు. పెద్దవి పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు మింగేస్తాయి. ఆయన గురించి ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఇదే.

కృష్ణా నీళ్లు రాకముందు మా బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్. పటిక, సున్నం వేసి తేర్చే పద్ధతి ఒకటుంది, నాగపూర్‌లోని నీరీ అనే పరిశోధన సంస్థ వాళ్లు తయారుచేసింది, దాని పేరే నల్గొండ టెక్నిక్. చిన్నాయన ప్లాస్టిక్ డ్రమ్ముకు అడుగున కాకుండా జానెడు పైన నల్లా బిగించాడు, మడ్డి కిందే ఉండిపోయి తేట నీళ్లే రావాలని. పటిక ఎక్కువ తక్కువ కావద్దని చిన్న త్రాసు కూడా తెచ్చిపెట్టాడు.

చిన్నమ్మకు మోకాళ్ల నొప్పులు మొదలైనప్పుడు, ఆమె అడగకముందే కత్తిపీటను బల్ల ఎత్తుకు బిగించి నిలబడి కోసుకునేలా చేశాడు. చెక్కకు సోడా మూతలు కొట్టి పొలుసు గీకడానికి ఇచ్చాడు. చింతపండు పులుసు ఒకనాడు నిలవుంటేనే రుచి అని వాదించి, తెల్లారి తనే వేడి చేసి అందరికీ వడ్డించేవాడు.

ఆయన ఫొటోలు మా దగ్గర చాలా తక్కువ. కట్ట మీద ఆయనతో కూర్చున్నవాళ్లు, ఆయన బాగుచేసిన మోటర్లు ఇంకా నడుపుకుంటున్నవాళ్లు ఇది చదివితే, ఆయన చేసిన వస్తువు ఏదన్నా ఇంట్లో ఉంటే ఒక ఫొటో తీసి పంపండి. ఆయన మనవళ్లకు చూపించాలి.