గోథెన్‌బర్గ్‌లో పటాన్‌చెరు నీళ్లు

స్వీడన్‌లో ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే హైదరాబాద్ అని చెప్పి ఊరుకుంటాం. ఐటీ వాళ్లకు అది చాలు, మాట బిర్యానీ మీదికి మళ్లుతుంది. నాకు ఆ వీలు లేదు. నేను పనిచేసేది గోథెన్‌బర్గ్‌లో, యాంటీబయాటిక్‌లకు లొంగని బ్యాక్టీరియా మీద పరిశోధన చేసే ఒక ల్యాబ్‌లో. ఇక్కడ హైదరాబాద్ అనగానే వచ్చే ప్రశ్న "పటాన్‌చెరుకు దగ్గరా?" అని. దగ్గరేంటి, మాది పటాన్‌చెరే. డిగ్రీ చదివినన్నాళ్లూ 219 బస్సులో సికింద్రాబాద్‌కు నిలబడి పోయి నిలబడి వచ్చినదాన్ని. ఉప్పల్‌లో ఉండే మా బంధువులు ఇప్పటికీ "అదేనా, ఇక్రిశాట్ కాడ?" అని అడుగుతారు. ఈ రంగంలో ఉన్న యూరప్ వాళ్లకు మాత్రం ఆ పేరు విడమర్చి చెప్పనక్కర్లేదు.

కారణం 2007లో వచ్చిన ఒక పరిశోధనా వ్యాసం. గోథెన్‌బర్గ్ యూనివర్సిటీకి చెందిన యోకిమ్ లార్సన్, ఆయన సహచరులు పటాన్‌చెరు దగ్గరి ఒక శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. మందులకు ముడి సరుకు తయారుచేసే దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థాలు అక్కడికి చేరేవి. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్, అంటే మనం సిప్రో అనే యాంటీబయాటిక్, దొరికింది. శుద్ధికి ముందు కాదు, శుద్ధి అయ్యాక. సిప్రో 500 మింగిన మనిషి రక్తంలో మందు బాగా ఎక్కువగా ఉన్న సమయంలో కూడా లీటరుకు రెండు మూడు మిల్లీగ్రాములే ఉంటుంది. అంటే జ్వరమొచ్చి మందేసుకున్న మనిషి రక్తం కంటే ఆ కాలువే ఎక్కువ మందు తాగింది. వాళ్ల అంచనా ప్రకారం ఒక్క రోజులో అలా పోయింది 45 కిలోలు. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజులు వాడుకునే సిప్రో అది.

ఈ లెక్క చూసి ఇక్కడివాళ్లు ఆశ్చర్యపోయారు. మా అమ్మ వింటే ఆశ్చర్యపోదు. నాన్న బొల్లారంలో ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో షిఫ్టు ఆపరేటర్. ఆయన చొక్కాలకు సాల్వెంట్ వాసన పోయేది కాదని మా బట్టల్లో కలపకుండా విడిగా ఉతికేది. రాత్రి పదకొండు దాటాక గాలి మారి వాసనొస్తే కిటికీలు మూసేవాళ్లం. బోరు నీళ్లు బట్టలకే తప్ప నోటికి పనికొచ్చేవి కావు. పటాన్‌చెరులో డాక్టర్ కిషన్‌రావు ఈ కాలుష్యం మీద ఏళ్ల తరబడి కొట్లాడిండు, సుప్రీంకోర్టులో 1990లోనే కేసు పడ్డది. అదంతా మాకు తెలుసు. మా కాలేజీ ఫీజులు ఆ బొల్లారం జీతంలోంచే కట్టారన్నదీ తెలుసు. తెలియనిదల్లా ఆ నీళ్లలో ఉండే కంటికి కనపడని జీవాలు ఏం నేర్చుకుంటున్నాయన్నదే.

అవి నేర్చుకునే తీరు చిత్రంగా ఉంటుంది. బ్యాక్టీరియాను చంపేంత మందు ఉంటేనే మొండి రకాలు మిగులుతాయని చాలాకాలం అనుకునేవాళ్లు. 2011లో స్వీడన్‌లోని ఉప్సాలా యూనివర్సిటీ వాళ్లు అంత అక్కర్లేదని చూపించారు. చంపే మోతాదుకు ఎంతో తక్కువున్నా చాలు, మందును తట్టుకునే నిరోధక శక్తి ఉన్న రకం తరం తరానికీ కొద్దికొద్దిగా ముందుకు జరిగి చివరికి నేలంతా ఆక్రమిస్తుంది. ఇక ఆ శక్తినిచ్చే జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టల మీద ఉంటే, ఒక జాతి బ్యాక్టీరియా నుంచి ఇంకో జాతికి కూడా దాటిపోతాయి. చెరువులో హాయిగా బతికే, మనిషికి ఏ హానీ చేయని జీవి దగ్గర పుట్టిన జన్యువు రేపు మూత్రంలో మంట తెచ్చే ఈ.కోలైలో తేలవచ్చు. 2014లో పటాన్‌చెరు దగ్గరి ఖాజీపల్లి చెరువు మట్టిలోని డీఎన్ఏను చదివితే 81 రకాల నిరోధక జన్యువులు కనిపించాయి. పోలికకు తీసుకున్న స్వీడన్ చెరువులో ఎనిమిది. ఆ జన్యువుల మొత్తం మోతాదులో తేడా 7,000 రెట్లు.

నా రోజువారీ పని ఇంత గొప్పగా ఉండదు. నేను చూసేది గోథెన్‌బర్గ్ మురుగునీళ్లు. ఊళ్లో వేలమంది కడుపుల్లో ఉన్న ఈ.కోలై ఏ మందులకు లొంగదో ఒక్కొక్కరినీ పరీక్షించకుండా తెలుసుకోవాలంటే మురుగునీటిని మించిన మార్గం లేదు. కోవిడ్ రోజుల్లో సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్లు హైదరాబాద్ మురుగులో వైరస్‌ను లెక్కగట్టింది ఈ ఆలోచనతోనే. రోజంతా కొంచెం కొంచెంగా పట్టిన నీళ్ల సీసా పొద్దున్నే ఐస్ డబ్బాలో వస్తుంది. పలుచన చేసి, బ్యాక్టీరియాను పెంచే, రంగు తేలే అగార్ అనే జెల్లీ మీద పరిస్తే మర్నాటికి ఈ.కోలై గులాబీ చుక్కలుగా మొలుస్తుంది. ఒక్కో చుక్కనూ దూదిపుల్లతో తీసి సెలైన్‌లో కలిపి, ఆ నీళ్లు ఎంత మసకబారాయో మీటరుతో సరిచూసి, ప్లేటు మీద మూడు వైపులా పూయాలి. ఇక్కడ గడియారంతో పోటీ. కలిపిన నీళ్లు 15 నిమిషాల్లో పూయాలి, పూసిన 15 నిమిషాల్లో మందు బిళ్లలు పెట్టాలి, పెట్టిన 15 నిమిషాల్లో ఇంక్యుబేటర్‌లో ఉండాలి. యూరప్ అంతా పాటించే ఈ కొలతల నియమాలను సరిచూసే ల్యాబ్ స్వీడన్‌లోనే, వెక్షో అనే చిన్న ఊళ్లో ఉంది. మర్నాడు ప్లేటును నల్లటి బల్ల మీద పెట్టి, బిళ్ల చుట్టూ బ్యాక్టీరియా మొలవని గుండ్రాన్ని స్కేలుతో కొలుస్తాం. సిప్రో బిళ్ల చుట్టూ 25 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే మందు పనిచేస్తున్నట్టు. 22కు తగ్గితే పనిచేయనట్టు. కొన్ని ప్లేట్లలో అసలు గుండ్రమే ఉండదు, బ్యాక్టీరియా బిళ్ల అంచుదాకా వచ్చి ఆగుతుంది. అలాంటివి గోథెన్‌బర్గ్ నీళ్లలోనూ వస్తాయి. మా ఊరి పేరు లేకుండా.

సెమినార్లలో మాత్రం మా ఊరి పేరు వస్తుంది. తెర మీద భారతదేశం పటం, దాని మీద ఎర్ర చుక్క. చెప్పే మనిషి ఏ దురుద్దేశంతోనూ చెప్పడు, అంకెలన్నీ నిజమే. అయినా "అక్కడ" అన్న ప్రతిసారీ నా వీపు కుర్చీకి గట్టిగా ఆనుతుంది. ఢిల్లీ పేరు పెట్టిన ఎన్‌డీఎం-1 అనే ఎంజైమ్ మీద 2010లో మన దేశంలో జరిగిన గొడవ నాకు అందుకే అర్థమవుతుంది. ఢిల్లీలో ఆసుపత్రిలో ఉండి స్వీడన్‌కు తిరిగొచ్చిన ఒక భారత సంతతి రోగి ఒంట్లోని బ్యాక్టీరియాలో 2008లో దొరికింది అది. వేరేవేవీ పనిచేయనప్పుడు చివరి వరసలో వాడే కార్బపెనెమ్ యాంటీబయాటిక్‌లను కూడా కత్తిరించి పడేస్తుంది. ఊరి పేరు పెట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు. కానీ పేరు మీద చేసినంత గొడవ నీళ్ల మీద చేయలేదన్నది నా కోపం.

ఇంట్లో ఈ గొడవ ఇంకో రకం. ఇక్కడ యాంటీబయాటిక్ చేతికి రావడం కష్టం. పాపకు చెవిపోటు వచ్చి రాత్రంతా ఏడ్చినా, ఏడాది దాటిన పిల్లలకు మామూలు చెవి ఇన్ఫెక్షన్ దానంతటదే తగ్గుతుంది, నొప్పికి మందివ్వండి, తగ్గకపోతే రండి అని ఆరోగ్య సలహాకు ఫోన్ చేసే 1177 నంబరులో నర్సు నెమ్మదిగా చెప్తుంది. అది ఇక్కడి వైద్య నియమం, 2010 నుంచి అంతే. ఆ నియమం ఎందుకు పెట్టారో ల్యాబ్‌లో వివరించగలను. తెల్లవారుజామున మూడింటికి పాపను భుజాన వేసుకుని తిరిగేటప్పుడు మాత్రం హైదరాబాద్ నుంచి తెలుగువాళ్లు తెచ్చుకునే అజిత్రోమైసిన్ స్ట్రిప్పులు గుర్తొస్తాయి. ఇక్కడ దాదాపు ప్రతి తెలుగు ఇంట్లో ఆవకాయ సీసా పక్కన ఆ సంచీ ఉంటుంది. మూడు రోజులకు పాపకు తగ్గింది, నేను వాబ్, అంటే పిల్లల జబ్బుకిచ్చే సెలవు, అయిపోయి పనిలోకి పోయాను.

అమ్మ వచ్చినప్పుడు జరిగింది చెప్పాలి. హైదరాబాద్‌లో మోకాలి ఆపరేషన్ అయిన కొన్నాళ్లకు మా దగ్గరికి వచ్చింది. వచ్చిన కొద్దిరోజులకే చలిజ్వరం, నడుము పక్కన నొప్పి. ఎమర్జెన్సీకి తీసుకుపోతే మొదట అడిగిన ప్రశ్నల్లో ఒకటి: ఈమధ్య వేరే దేశంలో ఆసుపత్రిలో ఉన్నారా? అవునన్నాం. అంతే, ఒంటరి గది, లోపలికొచ్చే ప్రతి మనిషికీ ఏప్రాన్, గ్లవుజులు, ముక్కులో గొంతులో పుల్లలు తిప్పి శాంపిళ్లు. అందరూ నవ్వుతూనే మాట్లాడారు. అమ్మకు నవ్వు అర్థమైంది, గది అర్థం కాలేదు.

"నన్నెందుకు బిడ్డా ఏరే పెట్టిండ్రు? నాకేమన్న అంటురోగమా?"

"అందరినీ అట్లనే పెడ్తరమ్మా, బయటి దేశంల ఆపరేషన్ అయినోళ్లను."

"ఈడ ఆపరేషన్ అయినోళ్లు మన దేశం పోతే ఏరే పెడ్తరా?"

నా దగ్గర జవాబు లేకపోయింది. ఆమె శాంపిల్ నా చేతికి రాలేదు, రాకూడదు కూడా. రెండు రోజులకు రిపోర్ట్ చెప్పారు: మూత్రంలో ఈఎస్‌బీఎల్ రకం ఈ.కోలై, అంటే చాలా యాంటీబయాటిక్‌లను విరగ్గొట్టే ఎంజైమ్ ఉన్నది. సిప్రోకు లొంగదు, సెఫలోస్పోరిన్ అనే మామూలు యాంటీబయాటిక్‌లకూ లొంగదు. మందు మార్చారు, జ్వరం దిగింది. అది ఆసుపత్రిలో వచ్చిందో, ఊళ్లో నీళ్ల నుంచి వచ్చిందో, నాన్న పోయాక అమ్మ వేసుకున్న ఏ సిప్రో కోర్సు తర్వాత కడుపులో స్థిరపడ్డదో ఎవరూ చెప్పలేరు. అట్లా చెప్పలేకపోవడమే ఈ రంగంలో అన్నింటికంటే కష్టమైన సంగతి. పొగకు చిమ్నీ ఉంటుంది, దీనికి లేదు. ఉప్సాలా వాళ్లు 2010లో వేసిన లెక్కలో, ప్రయాణాలు చేసొచ్చిన 100 మంది స్వీడన్‌వాళ్లలో 24 మంది ఈఎస్‌బీఎల్ ఈ.కోలైను కడుపులో వెంట తెచ్చుకున్నారు. ఇండియాకు పోయొచ్చింది కొద్దిమందే, వాళ్లలో ఏడుగురికి అది అంటింది. ప్రయాణంలో విరేచనాలకని యాంటీబయాటిక్ మింగితే ఈ ముప్పు ఇంకా పెరుగుతుందని తర్వాత ఫిన్లాండ్ పరిశోధన తేల్చింది.

నా పక్క బెంచీలో పనిచేసే ఆవిడతో కాఫీ దగ్గర ఒకసారి ఇదే అన్నాను. మీ ఫార్మసీలో అగ్గువకు దొరికే జెనెరిక్ బిళ్లలోని ముడి మందు ఎక్కడిదో డబ్బా మీద ఉండదు కదా, అందులో కొంత మా వైపు తయారైంది కాదా అని. ఆవిడ ఒప్పుకుంది. లార్సన్ కూడా ఈ మాట ఎప్పటినుంచో అంటున్నవాడే: కొనేవాడికీ బాధ్యత ఉంది. స్వీడన్ ప్రాంతీయ ప్రభుత్వాలు ఇప్పుడు మందులు కొనే టెండర్లలో పర్యావరణ షరతులు పెడుతున్నాయి. సిప్రో అయితే లీటరు నీటిలో 0.064 మైక్రోగ్రాములు దాటొద్దన్నది 2016లో లార్సన్ బృందం సూచించిన హద్దు. మా ఊళ్లో దొరికిన దానికి ఈ హద్దు ఎంత దూరమో ఎవరైనా లెక్కేసుకోవచ్చు, దాదాపు 5 లక్షల రెట్లు. మన దేశం 2020లో ఫ్యాక్టరీ నీళ్లలో యాంటీబయాటిక్ హద్దులతో ముసాయిదా తెచ్చింది. 2021లో తుది నిబంధనల్లో ఆ హద్దులు మాయమయ్యాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఈ విషయం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పాటించి తీరాలన్న నిర్బంధం వాటికి లేదు.

మా తమ్ముడు పాశమైలారంలో ఒక ప్లాంటులో కెమిస్టు. మొన్న వీడియో కాల్‌లో అడిగాను, యూరప్ నుంచి ఆడిట్‌కు వచ్చేవాళ్లు నీళ్ల సంగతి, వాటిని శుద్ధి చేసే ఈటీపీ సంగతి అడుగుతున్నారా అని.

"అడుగుతుండ్రు అక్కా. మొన్నొచ్చినోళ్లు ఈటీపీ కాడనే పొద్దంత ఉన్నరు, రీడింగులన్ని రాసుకున్నరు."

"మంచిదే కదరా."

"మంచిదే. సాయంత్రం వాళ్ల కొనుగోలు మనిషి ఫోన్ చేసి కిలోకు రేటు ఇంకింత తగ్గియ్యమన్నడు."