సంతకం పెట్టమని అడిగింది

శనివారం తలకు నూనె పెట్టించుకుంటూ, నా కాళ్ల దగ్గర కూర్చున్న మా అమ్మాయి వెనక్కి తిరక్కుండానే అడిగింది. "అమ్మా, ఒక లెటర్ మీద సైన్ చేస్తావా?" ఫీల్డ్ ట్రిప్ ఏదో ఉందనుకున్నాను. కాదు. ఇకమీదట స్కూల్లో పొద్దున్నే ప్లెడ్జ్ చెప్పదట.

జడ పాయ పట్టుకున్న నా చెయ్యి అలాగే ఆగిపోయింది.

మేముండేది టెక్సాస్‌లో. ఇక్కడి గవర్నమెంటు బడుల్లో రోజూ ముందు అమెరికా జెండాకు, తర్వాత టెక్సాస్ జెండాకు ప్రతిజ్ఞ చెప్పిస్తారు, ఆపైన ఒక నిమిషం మౌనం. పిల్లల తల్లో తండ్రో రాసిస్తే ప్రతిజ్ఞ నుంచి మినహాయింపు ఇవ్వాలని రాష్ట్ర చట్టంలోనే ఉంది. సెవెంత్ గ్రేడ్ పిల్లకు తెలిసిన ఈ సంగతి, ఆమె పుట్టకముందు నుంచీ ఇక్కడున్న నాకు తెలీదు. ఆ వారం ఒకరోజు పెదవి కదపకుండా నిలబడితే టీచరు అందరి ముందూ మందలించారట. అదీ అప్పుడే చెప్పింది.

"ఎందుకే ఇదంతా?" అన్నాను.

"అందరికీ స్వేచ్ఛ, అందరికీ న్యాయం అని రోజూ అంటాం కదమ్మా. నువ్వూ నాన్నా ఇన్నేళ్లుగా ఇక్కడున్నారు, టాక్స్ కడుతున్నారు, మీకు ఓటు లేదు. నాకు నిజం అనిపించని మాట గుండె మీద చెయ్యి వేసుకుని ఎలా చెప్పను?"

ఒకే ఇంట్లో ఉంటున్నా మా హక్కులు ఒకటి కావు. 1868లో వచ్చిన 14వ సవరణ పుణ్యమా అని ఇక్కడ పుట్టిన మా అమ్మాయి పౌరురాలు. మేమిద్దరం గ్రీన్ కార్డు వరసలో ఉన్నాం. ఉద్యోగాల కోటాలో ఏడాదికిచ్చే కార్డుల్లో ఒక్కో దేశానికి సుమారు 7 శాతం అనే పరిమితి వల్ల మనవాళ్ల వరస కదలదు. ఆ వరసలో నిలబడ్డవాళ్లకు ఒక భయం అలవాటైపోతుంది. ఎవరి కంటా పడకూడదు, ఎవరి నోటా నానకూడదు. మా ఆయన వినగానే అన్న మాట అదే: "మన కాగితాలు తేలేదాకా ఏ గొడవా వద్దు, చెప్పు దానికి." తప్పు పట్టలేను. నా మనసులో ఉన్నదీ అదే.

నాకు ఇంకో బెంగ కూడా ఉంది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాను. ఎండలో వరసల్లో నిలబడి, చెయ్యి చాపి "భారతదేశం నా మాతృభూమి" అని పదేళ్లు చెప్పాను. ఆ ప్రతిజ్ఞ రాసింది మన నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, 1962లో. అందులో తల్లిదండ్రుల్ని, ఉపాధ్యాయుల్ని, పెద్దలందరినీ గౌరవిస్తానని ఉంది. అమెరికా ప్రతిజ్ఞలో అమ్మానాన్నల ఊసే లేదు. జెండా, గణతంత్రం, దేవుడు, స్వేచ్ఛ, న్యాయం, అంతే. నా పిల్ల ఆ రెండో ప్రతిజ్ఞతో పెరిగి మొదటిదాన్ని పోగొట్టుకుంటుందేమోనని లోపల ఎప్పుడూ ఒక దిగులు.

ఆ రాత్రి నిద్ర పట్టక కూర్చుని చదివాను. 1942లో, రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, వెస్ట్ వర్జీనియా రాష్ట్ర విద్యామండలి జెండా వందనం తప్పనిసరి చేసింది. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబంలో పుట్టిన మేరీ, గేథీ బార్నెట్ అనే అక్కచెల్లెళ్లు తమ మతం ఒప్పుకోదని చెయ్యి ఎత్తలేదు. బడి నుంచి పంపేశారు. అలాంటి పిల్లల తల్లిదండ్రులకు జరిమానా, జైలు కూడా పడే రోజులవి. అంతకుముందు 1940లోనే అమెరికా సుప్రీంకోర్టు ఇలాంటి కేసులో బడివైపు తీర్పు ఇచ్చి ఉంది. అదే కోర్టు 1943 జూన్ 14న, సరిగ్గా జెండా దినోత్సవం నాడు, ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా తన మాట తానే వెనక్కి తీసుకుంది. ఫలానాదే నమ్మాలి, నోటితో ఒప్పుకోవాలి అని శాసించే అధికారం పెద్దా చిన్నా ఏ అధికారికీ లేదని జస్టిస్ రాబర్ట్ జాక్సన్ రాశారు. బయట యుద్ధం జరుగుతుండగా, దేశభక్తి పేరెత్తితే ఎవరూ నోరు మెదపని కాలంలో, ఇద్దరు చిన్నపిల్లల మౌనాన్ని కాపాడారు. అది చదివి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఆదివారం మా నాన్నకు ఫోన్ చేశాను. హెడ్మాస్టరుగా రిటైరయ్యారు, ఏళ్ల తరబడి ప్రార్థనలో ప్రతిజ్ఞ చెప్పించిన మనిషి. మనవరాలి మీద కోప్పడతారనే అనుకున్నాను.

"కేరళ పిల్లల కేసు తెలియదుటమ్మా నీకు?" అన్నారు. "1985లో ముగ్గురు పిల్లలు, ఒకే ఇంటివాళ్లు. జాతీయగీతం వస్తుంటే మర్యాదగా లేచి నిలబడ్డారు, పాడలేదు. బడి నుంచి తీసేస్తే సుప్రీంకోర్టు మరుసటేడు మళ్లీ చేర్చుకోమంది. తీర్పు రాసిందెవరనుకున్నావు? మన చిన్నప్పరెడ్డి గారు." ఆ తీర్పులో అమెరికా అక్కచెల్లెళ్ల కేసు ప్రస్తావన కూడా ఉందని తర్వాత చదువుకున్నాను. మన సంప్రదాయం నేర్పేది సహనం, మన రాజ్యాంగం ఆచరించేదీ సహనమే, దాన్ని పలచన చేయవద్దు అంటూ ఆ తీర్పు ముగించారు చిన్నప్పరెడ్డి గారు.

స్పీకర్‌లో వింటున్న మా అమ్మాయి, "తాతయ్యా, వాళ్లు లేచి నిలబడ్డారా?" అని అడిగింది.

"నిలబడ్డారు తల్లీ. పక్కవాళ్లకు అది గౌరవం. పాడకపోవడం వాళ్ల నమ్మకం."

మా ఆయన ఇంకా తటపటాయిస్తూనే ఉన్నారు. అమ్మాయి తన నీలం అట్ట రాజ్యాంగం పుస్తకం తెచ్చి మొదటి సవరణ ఉన్న పేజీ తీసింది. "ఇందులో సిటిజన్స్ అని లేదు నాన్నా, పీపుల్ అని ఉంది. మీరు కూడా పీపులే కదా." ఆయన ఆ పేజీ వంక చూసి, పుస్తకం మూసి దాని చేతికిచ్చారు. వద్దని మాత్రం అనలేదు.

ఉత్తరం నేనే టైప్ చేశాను, రెండే వాక్యాలు. 'అనుమతి ఇస్తున్నాను' అని రాస్తే ఒప్పుకోలేదు. చట్టంలో 'రిక్వెస్ట్' అని ఉందట, ఆ మాటే ఉండాలట. మార్చి, ప్రింటు తీసి సంతకం పెట్టాను.

సోమవారం పొద్దున బడి దగ్గర కారు ఆపాక అడిగాను, "కూర్చుంటావా, నిలబడతావా?"

"నిలబడతాను" అంది బ్యాగు భుజానికి తగిలించుకుంటూ. "మాటలు మాత్రం అనను."