ఫియట్‌లో టిక్‌టిక్

ఆదివారం. పొద్దున ఏడింటికే షెడ్డు తలుపు తీశాను. ఉగాది తర్వాత ఫియట్‌ను స్టార్ట్ చేసిందే లేదు. ఆర్‌సీలో ప్రీమియర్ పద్మిని అని ఉన్నా మా ఇంట్లో అది ఎప్పుడూ ఫియట్టే. ఇటలీ ఫియట్ 1100 డిజైన్‌తో బొంబాయి కుర్లాలో తయారైన బండి కదా, 1970ల్లో పేరు మారినా జనం నోట్లో పాత పేరే ఉండిపోయింది. నాన్న 1986లో కొన్నారు.

ఆయిల్ సరిగ్గానే ఉంది. చోక్ లాగి తాళం తిప్పితే నాలుగోసారికి అందుకుంది. వెంటనే బానెట్ కింద టిక్, టిక్, టిక్. యాక్సిలరేటర్ నొక్కితే ఆ చప్పుడూ వేగం పెంచింది. వాల్వులను కదిపే టాపెట్లు అనుకున్నాను. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను వాల్వ్ కవర్ మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుంటే అక్కడ చప్పుడు ఏమీ పెరగలేదు. ఇంజన్ ఆపి ఒక్కో ప్లగ్ వైరు తీస్తూ మళ్ళీ స్టార్ట్ చేశాను. మొదటి మూడింటికీ తేడా లేదు. నాలుగోది తీయగానే టిక్‌టిక్ దాదాపు పోయింది. కాళ్ళు చల్లబడ్డాయి. ఒక సిలిండర్ ఆపితే చప్పుడు తగ్గిందంటే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయినట్టే అని ఎక్కడో విన్నాను. అదే అయితే ఇంజన్ మొత్తం విప్పాలి.

నాన్న కుర్చీ తెచ్చుకుని పక్కన కూర్చున్నారు. ఒకప్పుడు మలుపు దగ్గర వస్తున్న కారు చప్పుడు విని, ఒక ప్లగ్ పని చేయట్లేదని చెప్పేసేవారు. ఇప్పుడు చెవికి మెషిన్ పెట్టుకున్నా మా మాటలే సరిగ్గా వినపడవు. నోటితో చప్పుడు చేసి చూపిస్తే తల అడ్డంగా ఊపి, అరచేయి చాపారు. "ఇక్కడ కొట్టమ్మా."

విన్న లెక్కలోనే వేలితో కొట్టాను. కళ్ళు మూసుకుని కాసేపు ఊరుకున్నారు.

"వేడెక్కాక పెరిగిందా, తగ్గిందా?"

పది నిమిషాలకు తగ్గింది నాన్నా, అన్నాను.

"బేరింగ్ కాదు. ఆయిల్ వేడెక్కి పల్చబడితే అది ఇంకా పెరుగుతుంది. పైగా టిక్ అనదు, లోపల్నుంచి ఢక్ ఢక్ అని కొడుతుంది. ఎగ్జాస్ట్ గ్యాస్కెట్ చూడు."

మధ్యాహ్నం ఇంజన్ చల్లారాక టార్చ్ వేసి చూస్తే, పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఇంజన్ హెడ్‌కు అతికే చోట, మధ్యలో సందు మూసే గ్యాస్కెట్ అంచున, చివరి సిలిండర్ దగ్గర, కాటుక పూసినట్టు నల్లటి చార. ఆ సందులోంచి పొగ చిమ్మడమే ఆ చప్పుడు. వేడికి ఇనుము వ్యాకోచించి సందు మూసుకుంటుంది కాబట్టి తగ్గిపోతోంది. ప్లగ్ వైరు తీస్తే అక్కడ మంట ఉండదు, చిమ్మే ఒత్తిడీ ఉండదు. పొద్దున నేను చేసిన పరీక్ష సరైనదే, అర్థం చేసుకోవడంలోనే పొరపడ్డాను.

నాన్నను దగ్గరికి తీసుకొచ్చి, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేశాను. ఆయన ఆ సందుకు జానెడు దూరంలో చేయి పెట్టారు.

"ఇదిగో, కొడుతోంది. పొద్దున నువ్వు కొట్టినట్టే."

ఆయన ముఖం అలా వెలగడం చూసి చాలా రోజులైంది. కావాలనే కాసేపు ఇంజన్ ఆపలేదు.

మానిఫోల్డ్‌ను బిగించే చివరి నట్టు తుప్పు పట్టి, హెడ్‌లో దిగిన మరమేకుకు, అంటే స్టడ్‌కు అతుక్కుపోయింది. బలవంతంగా తిప్పితే స్టడ్ విరుగుతుందని నాన్న ఆపారు. రేపు ఆటోనగర్ వెళ్ళి గ్యాస్కెట్ వెతకాలి, తనూ వస్తానన్నారు. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. నట్టు మీద ఇంకోసారి తుప్పు వదిలే నూనె వేసి రమ్మని పిలుస్తున్నారు.