కణజాలాల స్లయిడ్లు: ఇప్పటిదాకా గీసినవి, ఇంకా తేలనివి

మనిషి శరీరంలో కణజాలాలు నాలుగు రకాలు: ఉపకళా, సంయోజక, కండర, నాడీ. బడిలో సైన్సు చదివిన వాళ్లందరికీ ఇది నోటికొచ్చిన సంగతే. స్లయిడ్ పెట్టి చూస్తే మాత్రం ఏ ఒక్కటీ విడిగా దొరకదు. ఏ అవయవం ముక్క తీసుకున్నా రెండు మూడు రకాలు, ఒక్కోసారి నాలుగూ పెనవేసుకుని ఉంటాయి. అందుకని పేర్లు వల్లె వేయడం మానేసి, ఒక కణజాలం ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతోందో గుర్తుపట్టి గీయడమే పనిగా పెట్టుకున్నాను. ఆ సరిహద్దు దొరికాక మిగతాదంతా కాస్త తేలిక.

సరంజామా

విద్యార్థులు వాడే మామూలు మైక్రోస్కోపు, 10ఎక్స్ ఐపీస్, 4, 10, 40 ఎక్స్ ఆబ్జెక్టివ్‌లు. 100ఎక్స్ ఆయిల్ లెన్స్ ఉంది కానీ రక్తం స్లయిడ్‌కి తప్ప దాని జోలికి వెళ్లలేదు. స్లయిడ్లు రెడీమేడ్‌వి, అవయవాల కోతలు. తెల్ల కాగితం, హెచ్‌బీ పెన్సిల్, రెండే రెండు రంగు పెన్సిళ్లు: ఊదా, గులాబీ. దాదాపు అన్ని స్లయిడ్లకీ హెమటాక్సిలిన్, ఈయోసిన్ అనే రంగుల జోడీయే వేస్తారు కాబట్టి ఆ రెండూ చాలు. హెమటాక్సిలిన్ కేంద్రకాల్ని నీలం, ఊదా రంగుల్లో చూపిస్తుంది. ఈయోసిన్ కణద్రవ్యానికీ, కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగులకీ గులాబీ రంగు పట్టిస్తుంది.

కొలతల సంగతి ముందే తేల్చుకుంటే మంచిది. నా ఐపీస్ మీద రాసి ఉన్న ఫీల్డ్ నంబరు 18. దాన్ని ఆబ్జెక్టివ్ శక్తితో భాగిస్తే కనిపించే వలయం వ్యాసం వస్తుంది. అంటే 10ఎక్స్‌లో 1.8 మి.మీ., 40ఎక్స్‌లో 0.45 మి.మీ., మైక్రాన్లలో చెప్తే 450. ఇంకా సులువైన స్కేలు స్లయిడ్‌లోనే ఉంటుంది. ఎక్కడో ఒక రక్తనాళం కనిపిస్తుంది, అందులో ఎర్ర రక్తకణాలు ఉంటాయి. ఒక్కోటి సుమారు 7.5 మైక్రాన్లు. కోతల్లో కుంచించుకుపోయి కాస్త చిన్నగా కనిపిస్తాయి, అయినా అంచనాకి సరిపోతాయి.

ఇంకో మాట. ఈ కోతల మందం సుమారు 5 మైక్రాన్లే. చాలా కణాలు అంతకన్నా పెద్దవి. కాబట్టి ఏదైనా కణంలో కేంద్రకం కనబడకపోతే అసలు లేదని అనుకోకూడదు, కత్తి దాని పక్కనుంచి వెళ్లి ఉండొచ్చు.

బుగ్గ కణాలు

అందరూ మొదలుపెట్టమనేది వీటితోనే. శుభ్రమైన కాటన్ బడ్‌తో బుగ్గ లోపల మెల్లగా రుద్ది, స్లయిడ్ మీది నీటి చుక్కలో కలిపి, ఒక చుక్క మిథిలీన్ బ్లూ రంగు వేసి, కవర్ స్లిప్‌ని ఒక అంచు ముందు ఆనించి వాల్చాలి. గాలి బుడగలు రావు. బల్లపరుపు కణాలు, మధ్యలో నీలి కేంద్రకం. బాగానే ఉంటుంది, కానీ నా ఉద్దేశంలో ఇది కణాన్ని చూపిస్తుంది తప్ప కణజాలాన్ని చూపించదు. మనకి వచ్చేది రాలిపోవడానికి సిద్ధంగా ఉన్న పై పొర ఒక్కటే. అసలు బుగ్గ లోపలిది పొరలు పొరలుగా ఉండే శల్కల ఉపకళ, అంటే బల్లపరుపు కణాలది. పైవి రాపిడికి రాలిపోతుంటే అడుగున కొత్తవి పుడుతుంటాయి. ఆ వరసంతా కోత స్లయిడ్‌లోనే కనబడుతుంది.

వాయునాళం: ఇక్కడే ఎక్కువ కాలం గడిపాను

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక్క స్లయిడే చెప్పమంటే వాయునాళం అంటాను. నాలుగింట్లో మూడు రకాలు ఒక్క కోతలో వరసగా దొరుకుతాయి, ఓపిక పడితే నాలుగోది కూడా.

పద్ధతి ఇదీ. 4ఎక్స్‌లో ముందు ఖాళీ వెతకండి, అంటే గాలి పోయే దారి. ఖాళీని ఆనుకుని ఉన్న మొదటి పొర ఉపకళే. ఈ సూత్రం పేగుకీ, మూత్రాశయానికీ, గ్రంథి నాళాలకీ కూడా పనిచేస్తుంది. ఉపకళకి ఒక వైపు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది, రెండో వైపు ఆధార త్వచం అనే పలచని పొర మీద కూర్చుంటుంది, దాని లోపల రక్తనాళాలు ఉండవు. తిండి అంతా కింద ఉన్న సంయోజక కణజాలం నుంచే అందాలి.

ఇప్పుడు 40ఎక్స్‌కి వెళ్లి ఆ పొర పైఅంచు చూడండి. మైక్రోస్కోపులో వెలుతురుని తగ్గించే డయాఫ్రం కొంచెం మూస్తే సన్నని నూగులాంటి అంచు తేలుతుంది. అవే శైలికలు, పొడవు ఆరేడు మైక్రాన్లు. అక్కడక్కడ శైలికలు లేని, పాలిపోయిన, పొట్ట ఉబ్బిన కణాలు కనిపిస్తాయి. అవి శ్లేష్మం చేసే గోబ్లెట్ కణాలు. వాటి శ్లేష్మం దుమ్మును పట్టుకుంటుంది, పక్కనున్న శైలికలు ఆ దుమ్ముతో సహా గొంతు వైపు తోసేస్తాయి. కేంద్రకాలు రెండు మూడు ఎత్తుల్లో ఉండటం వల్ల ఇది పొరల ఉపకళలా కనిపిస్తుంది. నిజానికి అన్ని కణాలూ ఆధార త్వచాన్ని తాకుతూనే ఉంటాయి, కొన్ని పైదాకా ఎదగవు, అంతే. అందుకే దీన్ని మిథ్యాస్తరిత ఉపకళ అంటారు. గీసేటప్పుడు ప్రతి కణం అడుగుభాగాన్నీ త్వచం దాకా దించితే బొమ్మ సరిగ్గా వస్తుంది.

త్వచం దిగువన వదులుగా అల్లుకున్న సంయోజక కణజాలం. కణాలు దూరదూరంగా, మధ్య అంతా పోగులు. ఉపకళకీ దీనికీ తేడా ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడా కనబడదు. ఉపకళలో కణాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, ఇక్కడ కణాలకన్నా వాటి మధ్యనున్న పదార్థమే ఎక్కువ. ఇదే పొరలో గుండ్రటి కణాల గుంపులు కొన్ని కనిపించి తికమక పెడతాయి. అవి గ్రంథులు. పై ఉపకళే లోపలికి దిగి గ్రంథి అయింది. మధ్యలో సన్నని ఖాళీ ఉందా, చుట్టూ ఆధార త్వచం ఉందా చూసుకుంటే ఎక్కడున్నా ఉపకళ దొరికిపోతుంది.

ఇంకా కిందికి వెళ్తే లేత నీలం రంగులో నున్నటి పట్టీ: మృదులాస్థి. చిన్న గదుల్లో కణాలు ఒకటి, రెండు, నాలుగు చొప్పున ఉంటాయి. వాయునాళంలో సీ అక్షరం ఆకారంలో ఇలాంటివి 16 నుంచి 20 దాకా ఉంటాయి. లోపలికి గాలి పీల్చినప్పుడు నాళం ముడుచుకుపోకుండా ఆపేవి ఇవే. సీ కొసల మధ్య వెనక వైపు నునుపు కండరం ఉంటుంది. దగ్గినప్పుడు అది బిగిసి దారిని ఇరుకు చేస్తుంది, గాలి జోరు పెరుగుతుంది.

గులాబీ గందరగోళం

అన్నిటికన్నా టెన్షన్ పెట్టింది ఇదే: నునుపు కండరం, గట్టిగా పేనిన కొల్లాజెన్ రెండూ గులాబీయే, రెండూ చారల్లా సాగుతాయి. రంగును నమ్ముకుంటే తేలదు, కేంద్రకాల్ని చూడాలి. కండరంలో కేంద్రకాలు ఎక్కువ, పొడుగ్గా, కొసలు గుండ్రంగా, పోగు లోపలే ఉంటాయి. కొల్లాజెన్‌లో అవి తక్కువ, సన్నగా నల్లగా, పోగుల మధ్య సందుల్లో ఇరుక్కుని ఉంటాయి. టెండాన్ (కండరాన్ని ఎముకకి కలిపే తాడు) స్లయిడ్ పక్కన పేగు గోడ స్లయిడ్ పెట్టుకుని మార్చి మార్చి చూస్తే కన్ను అలవాటు పడుతుంది. టెండాన్‌లో పోగులన్నీ ఒకే దిశలో ఉంటాయి, ఎందుకంటే కండరం ఎముకని లాగేది ఆ దిశలోనే. చర్మం లోపలి పొరలో మాత్రం ఎటు పడితే అటు ఉంటాయి, చర్మాన్ని అన్ని వైపులకీ లాగుతాం కదా.

రెండు ముక్కల్లో కొన్ని

కొవ్వు కణజాలం: స్లయిడ్ తయారీలో వాడే ద్రావకాల్లో కొవ్వు కరిగిపోతుంది, ఖాళీ గదులే మిగులుతాయి. కేంద్రకం ఒక అంచుకి నొక్కుకుపోయి ఉంటుంది. గీయడానికి పెద్దగా ఏమీ లేదు.

రక్తం: ఇదీ సంయోజక కణజాలమే, కణాల మధ్య పదార్థం ద్రవం, అదే ప్లాస్మా. పలుచని పూత స్లయిడ్‌లో అన్నీ ఎర్ర కణాలే. తెల్ల కణాలు కావాలంటే పూత కొస వైపు వెతకాలి.

మూత్రాశయం: నాకు బాగా నచ్చిన ఉపకళ ఇక్కడే ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు ఐదారు వరసల కణాలు, పైవి గుమ్మటాల్లా ఉబ్బి ఉంటాయి. నిండి సాగినప్పుడు రెండు మూడు వరసలుగా పలచబడుతుంది, అయినా మూత్రాన్ని గోడలోకి ఇంకనివ్వదు.

ఎముక

ఎముకకి రెండు రకాల స్లయిడ్లు దొరుకుతాయి. ఆమ్లంలో ఖనిజం తీసేసి కోసినవి ఒకటి, ఎండు ఎముకని పలచగా అరగదీసినవి ఇంకోటి. అరగదీసినదే తీసుకోండి. కణాలు ఉండవు, వాటి గదుల్లో గాలి చేరి నల్లగా కనిపిస్తాయి. వాటి నుంచి బయల్దేరే వెంట్రుకల్లాంటి సన్నని కాలువలు 40ఎక్స్‌లో చక్కగా తేలతాయి. మధ్యలో రక్తనాళం పోయే రంధ్రం, చుట్టూ వలయాలు. 1691లో ఇంగ్లండ్ వైద్యుడు క్లాప్టన్ హేవర్స్ ఈ మధ్య రంధ్రాల గురించి రాశాడు, ఆయన పేరే వాటికి ఉండిపోయింది. ఎముక కణాలకి ఆహారం అందేది ఆ సన్న కాలువల గుండానే. మృదులాస్థిలో ఇలాంటి ఏర్పాటు లేదు, రక్తనాళాలూ లేవు. విరిగిన ఎముక అతుక్కున్నట్టు అరిగిన మృదులాస్థి ఎందుకు బాగుపడదో ఈ రెండు స్లయిడ్లు పక్కపక్కన చూస్తే అర్థమవుతుంది.

కండరాలు

అస్థి కండరాన్ని నిలువు కోతలో చూడండి, అడ్డుకోతలో చారలు రావు. డయాఫ్రం సగం మూసి, ఫైన్ ఫోకస్‌ని అటూ ఇటూ కొంచెం కదిపితే అడ్డచారలు బయటపడతాయి. ఒకే పోగులో బోలెడు కేంద్రకాలు, అన్నీ అంచుకే. గుండె కండరంలోనూ చారలుంటాయి, కానీ పోగులు కొమ్మలుగా చీలుతాయి, కేంద్రకం మధ్యలో ఉంటుంది, కణానికీ కణానికీ మధ్య ముదురు అడ్డగీతలు కనిపిస్తాయి. ఆ గీతల దగ్గరే కణాలు గట్టిగా అతుక్కుని ఉంటాయి, విద్యుత్ సంకేతం ఒకదాన్నుంచి ఇంకోదానికి దాటేదీ అక్కడే. గుండె మొత్తం ఒక్క ఊపులో బిగియడానికి కారణం అది. గీతలు లీలగా ఉంటాయి, ఒక చోట దొరక్కపోతే స్లయిడ్ జరిపి ఇంకో చోట వెతకడమే.

మైక్రోస్కోపు వాడకుండానే కణజాలాల్ని వేరుచేసి చెప్పిన మనిషి ఒకడున్నాడని తెలిశాక మాత్రం కాస్త సిగ్గేసింది. ఫ్రాన్సుకి చెందిన వైద్యుడు బిషా మైక్రోస్కోపుని నమ్మేవాడు కాదు. అవయవాల్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, ఆమ్లాల్లో వేసి 21 రకాల కణజాలాలు చెప్పి 1802లో ముప్పై ఏళ్లకే పోయాడు.

నాడీ కణజాలం

ఇది ఇంకా నడుస్తోంది. వెన్నుపాము పూత స్లయిడ్‌లో పెద్ద నాడీకణాలు సులువుగానే దొరికాయి: కోణాలుగా ఉన్న దేహం, పెద్ద లేత కేంద్రకం, అందులో ముదురు చుక్క. చుట్టూ చెల్లాచెదురుగా ఉన్న చిన్న కేంద్రకాలు గ్లియల్ కణాలవి. నాడీకణాలకి ఆసరా, పోషణ చూసేది అవే. కష్టం ఆక్సాన్‌తో, అంటే నాడీకణం నుంచి సంకేతాన్ని మోసుకెళ్లే పొడవాటి పోగుతో. నడుము దగ్గర మొదలై పాదం దాకా పోయే ఆక్సాన్ పొడవు దాదాపు మీటరు, స్లయిడ్‌లో కనిపించేది దాని మొదటి తునక. మామూలు రంగుల్లో కొమ్మలన్నీ కలగాపులగంగా ఉంటాయి. 1873లో ఇటలీ వైద్యుడు గాల్జీ కనిపెట్టిన వెండి రంగు పద్ధతి కొద్ది కణాలనే పూర్తిగా నల్లగా చూపిస్తుంది, మిగతావి కనబడవు. ఆ పద్ధతితోనే స్పెయిన్ శాస్త్రవేత్త కహాల్ నాడీకణాల్ని ఒక్కొక్కటిగా విడదీసి గీశాడు, 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ వచ్చింది. ఆ రకం స్లయిడ్ ఒకటి సంపాదించాలి.

ఈలోగా చిన్న పేగు స్లయిడ్ మీద ఉన్నాను. దాని గోడలో నునుపు కండరం రెండు పొరలు: లోపలిది నాళం చుట్టూ తిరుగుతుంది, బయటిది పొడవునా సాగుతుంది. ఆ రెండింటి సందులో నాడీకణాల చిన్న గుంపులుంటాయి, పేగు కదలికల్ని నడిపేవి అవే. 10ఎక్స్‌లో ఆ సందు వెంట పోతూ, గులాబీ మధ్య పాలిపోయిన మచ్చ కనబడ్డ ప్రతిచోటా 40ఎక్స్‌కి మారుస్తున్నాను. రెండు చోట్ల అనుమానం ఉంది. లేత కేంద్రకం, అందులో ముదురు చుక్క స్పష్టంగా కనబడ్డాకే గీస్తాను.