రొయ్య వీపు మీద నల్లదారం

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. అయినా బజారుకి వెళ్ళి 40 కౌంట్ రొయ్యలు తెచ్చాను. భీమవరంలో రొయ్యని ముందు కౌంటుతోనే తూస్తారు, అంటే కిలోకి ఎన్ని వస్తాయి అన్న లెక్క. ఏ రకం, వనామీనా టైగరా అన్నది ఆ తర్వాతి మాట.

ఆడపడుచు కొడుకుని తీసుకుని వచ్చింది. తొమ్మిదో తరగతి వాడు. వాడికి రొయ్యలు పడవు. చిన్నప్పుడు తింటే పెదాలు వాచిపోయి, ఒళ్ళంతా దద్దుర్లు లేచి అందరికీ టెన్షన్ పెట్టాడు. చేపలు మాత్రం ఎన్ని పెట్టినా తింటాడు. అందుకే వాడి కోసం విడిగా కొరమీను పులుసు.

అత్తయ్యగారికి ఇది ఎప్పటికీ మింగుడుపడదు. "రెండూ నీళ్ళలోవే కదే, ఒకటి పడి ఇంకోటి పడకపోవడం ఏంటి?" అంటారు. ఒకే వీధిలో ఉన్నంత మాత్రాన చుట్టాలైపోతారా అత్తయ్యగారూ అన్నాను. కొరమీనుకి వెన్నెముక ఉంది, పుర్రె ఉంది. ఆ లెక్కన అది మనవైపు బంధువు. రొయ్యకి ఒంట్లో ఒక్క ఎముక లేదు. గట్టిదనమంతా పైన గుల్లలోనే. పెరగాలంటే ఆ గుల్ల వదిలెయ్యాలి. కాళ్ళు కీళ్ళు కీళ్ళుగా ఉంటాయి. ఇవన్నీ పీతకీ, తేలుకీ, బొద్దింకకీ కూడా ఉన్నాయి. రొయ్య అలర్జీకి ఎక్కువగా కారణమయ్యేది ట్రోపోమయోసిన్ అనే కండరాల ప్రోటీను. పీతలో, బొద్దింకలో, ఇంటి దుమ్ములో ఉండే సన్న పురుగు డస్ట్ మైట్‌లో అది దాదాపు రొయ్యలో ఉన్నట్టే ఉంటుంది. చేపలో తేడా ఎక్కువ. మా వాడికి టెస్టు చేసినప్పుడు రొయ్యతో పాటు డస్ట్ మైట్ కూడా పడదని తేలింది. ఈ కీళ్ళకాళ్ళ గుంపుకి సైన్సు పుస్తకంలో "ఆర్థ్రోపొడా" అని ఉన్న ఒక్క ముక్కని వాడి ఒళ్ళు ముందే చదివేసిందన్నమాట.

వాడి పుస్తకం తిరగేస్తే నాకు విసుగొచ్చింది. లక్షణాలు వరసగా ఇచ్చి బట్టీ పట్టమంటారు. ఏ లక్షణాన్ని లెక్కలోకి తీసుకోవాలి, దేన్ని వదిలెయ్యాలి అన్నది కదా అసలు కథ! గబ్బిలానికీ, పిచ్చుకకీ, సీతాకోకచిలుకకీ రెక్కలున్నాయి. అవి ఎవరికి వారు విడిగా సంపాదించుకున్నవి. ఒకే పూర్వీకుల నుంచి వచ్చిన పోలికయితేనే దాంతో గుంపు కట్టాలి.

మధ్యాహ్నం రొయ్యలు ఒలుస్తూ కూర్చున్నా. వీపు మీద నల్లగా దారంలా ఉండేదాన్ని మనం నరం అంటాం, నరం తీశావా అని అడుగుతాం. నిజానికి అది పేగు. అసలు నరం పొట్టవైపు పోతుంది. మనకి తిరగేసి: వెన్నుపాము వీపున, పేగులు ముందు. 1822లో పారిస్‌లో జెఫ్రాయ్ సాంతిలేర్ అనే జంతుశాస్త్రవేత్త లాబ్‌స్టర్‌ని కోసి వెల్లకిలా పెట్టి చూశాడట. లోపలి అవయవాల వరస వెన్నెముక ఉన్న జంతువులలాగే కనిపించింది! జంతువులన్నిటిదీ ఒకే నమూనా అన్నాడు. కువియర్ అనే ఇంకో జంతుశాస్త్రవేత్త ఒప్పుకోలేదు. ఆయన లెక్కలో జంతువులు నాలుగు పెద్ద విభాగాలు, వాటి మధ్య రాకపోకల్లేవు. 1830లో సైన్సు అకాడమీలో ఇద్దరూ అందరి ముందూ వాదించుకున్నారు. అప్పటికి కువియర్‌దే పైచెయ్యి అనుకున్నారు జనం. 1990లలో జన్యువులు చూస్తే, ఈగలో ఏది వీపు, ఏది పొట్ట అని తేల్చే జన్యువులే కప్పలోనూ ఉన్నాయి, కాకపోతే తలకిందులుగా పనిచేస్తున్నాయి. జెఫ్రాయ్ చెప్పినదంతా కాదు గానీ, ఆ వెల్లకిలా మాట మాత్రం నిలబడింది. ఒలుస్తున్న రొయ్యని నేనూ ఒకసారి వెల్లకిలా తిప్పి చూశాను. అత్తయ్యగారు చూసి ఏమీ అనలేదు.

మావాడు దూరం నుంచే మీసాలు లెక్కపెట్టాడు. రొయ్యకి రెండు జతలు, కీటకానికి ఒకటే జత. "అయితే రొయ్యా బొద్దింకా వేరే కదత్తా?" అన్నాడు. అక్కడే ఉంది తమాషా. జీవుల్ని తరగతులుగా విడగొట్టిన లిన్నేయస్ 1758లో పీతల్నీ రొయ్యల్నీ కీటకాల తరగతిలోనే పెట్టాడు. తర్వాతివాళ్ళు వాటిని విడదీసి క్రస్టేషియన్లు అన్నారు. ఇప్పుడు డీఎన్ఏ చూసి, కీటకాలు క్రస్టేషియన్ల కొమ్మలోంచే చీలాయంటున్నారు. అంటే బొద్దింకకి జెర్రి కన్నా రొయ్యే దగ్గర.

"తినేముందు వంటింట్లో ఆ పేరెత్తకు," అన్నారు అత్తయ్యగారు. వాడైతే ఇది పరీక్షలో రాయొచ్చా అని అడిగాడు. రాయకు, ముందు పుస్తకంలో ఉన్నది రాసి మార్కులు తెచ్చుకో అన్నాను.

రొయ్యలు ఉడికే ఆవిరి కూడా కొందరికి పడదు. అందుకని ఇగురు పెరట్లో గ్యాస్ పొయ్యి మీద, రేకు కింద వండాను. గరిటె, గిన్నె, చాకు అన్నీ వేరే. కొరమీను పులుసులో మామిడికాయ ముక్కలు వేశాను, వాడు రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.