కొత్తవాడలో ఒక పూట

పొద్దున కృష్ణా ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్ నుంచి వరంగల్‌ వచ్చింది ఒక్క పనికే. జంపఖానా కొనాలి. అమ్మ పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన వరంగల్ జంపఖానా, ఎర్ర చారలది, మా ఇంట్లో ప్రతి వ్రతానికీ పేరంటానికీ పరిచీ పరిచీ అంచుల్లో పోగులు లేచింది. అలాంటిదే ఇంకోటి తెస్తానని అమ్మకు మాటిచ్చాను. కోట, వేయిస్తంభాల గుడి ఇంతకుముందే చూశాను. ఆ జంపఖానా పుట్టిన వాడకు మాత్రం ఎన్నడూ పోలేదు.

స్టేషన్ దగ్గర ఆటో ఎక్కి, చౌరస్తా, పోచమ్మ మైదాన్ దాటి కొత్తవాడలో దిగాను. ఎటు పోవాలో తెలియక మూలమీది కిరాణం దుకాణంలో అడిగాను. గల్లాపెట్టె వెనక కూర్చున్న పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏడికెళ్లి వచ్చినవ్ బిడ్డా? జర కూసో. నేసెటాయన ఇప్పుడే బువ్వకు లేసిండు" అని స్టూలు జరిపింది. పది నిమిషాలు కూర్చుందామనుకున్నదాన్ని సాయంత్రం దాకా లేవలేదు.

పెద్దమ్మ భర్త ఆజంజాహి మిల్లులో పనిచేసేవాడట. ఏడో నిజాం హయాంలో 1934లో పెట్టిన బట్టల మిల్లు అది. నిజాం కొడుకు ఆజం జా పేరే దానికి పెట్టారు. తర్వాత మూతపడింది. ఇప్పుడా జాగలో ప్లాట్లు, కొత్త కట్టడాలు. "మిల్లు కూత ఇని అన్నం వండెటోళ్లం. కూత బందయినంక పొద్దు ఎట్ల తెల్వాలె? నెల రోజులు నాకు పొయ్యి ముట్టియ్యబుద్ధి కాలే" అంది. చెవి కమ్మలు కుదువబెట్టి, రెండు బస్తాల బియ్యం, ఒక నూనె డబ్బా తెచ్చి ఈ గదిలో పెట్టిందట. అప్పటినుంచి దుకాణం కదల్లేదు. దాని ముందున్న ఈ వాడ మాత్రం మారుతూ వస్తోంది.

ఎంత మారిందో ఆమె అరలు చూస్తే తెలిసిపోతుంది. కింది వరసలో బెల్లం, చింతపండు, తంబాకు, బీడీ కట్టలు. మగ్గాల ఇండ్లవాళ్ల సరుకు ఇది. దాని పైన ఆవనూనె సీసాలు. టైల్స్ పనికి బీహార్ నుంచి వచ్చిన పిల్లలు వెనక గల్లీలో గదులు తీసుకున్నారు. మన పల్లినూనెతో వండితే కూర నోటికి పోవడం లేదని ఒకడు చెప్పగానే, మర్నాడే మండిబజార్ పోయి ఆవనూనె తెచ్చిందట. ఇంకో అరలో షాంపూ ప్యాకెట్లు, నూడుల్స్. ములుగు వైపు ఊళ్లనుంచి వచ్చి నర్సింగ్ చదివే ఆడపిల్లలవి. నేనక్కడుండగానే వాళ్లలో ఒకమ్మాయి వచ్చి నిలబడింది. దుకాణంలో ఇద్దరు మగవాళ్లున్నారని నోరు విప్పలేదు. పెద్దమ్మ ఆ పిల్ల మొహం చూసి, లోపలికి పోయి, పేపర్‌లో చుట్టిన పొట్లం తెచ్చి చేతిలో పెట్టింది. మాటల్లేవు. ఆ పిల్ల మొహంలో భారం దిగిపోవడం నేను చూశాను.

గల్లా పక్కన ఉద్దెర బుక్కు ఉంది. అట్టకు ఎర్ర గుడ్డ అంటించి ఉంది, మూలలు నూనె పీల్చుకుని నల్లబడ్డాయి. తెరిచి చూపించింది. అందులో మనుషుల పేర్లు తక్కువ. 'మెట్ల కింది పోరగాళ్లు', 'చింతచెట్టు మగ్గం', 'కొత్త బిల్డింగు రెండో అంతస్తు'. కొన్ని పేజీల్లో చివరి లెక్క రాసి ఏండ్లయింది. మగ్గం నడవక సూరత్‌కో భివండికో పోయినవాళ్లవి. బాకీ ఇంక రాదు కదా, ఆ కాగితాలు తీసేయొచ్చుగా అన్నాను. ఆమెకు నా మాట వింతగా తోచింది. "తీసేస్తె, మల్ల వచ్చినప్పుడు ఆళ్లది ఏ పేజీల రాయాలె?"

మధ్యాహ్నం సర్వపిండి పెట్టింది. గిన్నెకు అంటిన మాడు ముక్కలు నాకే ఇచ్చింది, అవే రుచి కాబట్టి. తర్వాత దుకాణం ఒక నర్సింగ్ పిల్లకు అప్పజెప్పి నన్ను మగ్గం దగ్గరికి తీసుకుపోయింది.

నేసే తాత నేత ఆపకుండానే తలూపాడు. నిలువు పడుగు దారాల నడుమ ఎర్ర పేక, అంటే అడ్డదారం, ఇటునుంచి పోతోంది, నల్లది అటునుంచి వస్తోంది. రెండూ కలిసిన చోట తాత వాటిని ఒకదానిలో ఒకటి మెలిపెట్టి, ఎటు వచ్చినవి అటే వెనక్కి మళ్లిస్తున్నాడు. అందుకే రంగు మారేచోట సందు పడదు. పైనుంచి ఇనుప పళ్ల పంజాతో దబదబా బాదుతాడు. వేలితో తడిమి చూశాను, ఆ మెలిక చేతికి అందనే లేదు. ఇన్నేండ్లు మా ఇంట్లో దానిమీదే కూర్చుని భోజనాలు చేశాం, ఒక్కనాడూ గమనించలేదు. వరంగల్ జంపఖానాకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కానీ తాత కొడుకులిద్దరూ మగ్గం ఎక్కలేదు. కూలి గిట్టనిదే ఎవరెక్కుతారు? గుర్తింపు కన్నా ముందు కూలి పెరగాలని నాకు గట్టిగా అనిపించింది.

ధర చెప్పగానే అలవాటుకొద్దీ, కొంచెం తగ్గించమన్నాను. పెద్దమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "వద్దు బిడ్డా. ఈయన చేతికి బేరం పెట్టకు." అడిగినంతా ఇచ్చాను. అడిగినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

తిరిగి వస్తుంటే గూనపెంకుల ఇల్లొకటి కూలగొడుతున్నారు. చూస్తే బాధ కాదా అని అడిగాను. ఆగి, దుమ్ములోకి చూస్తూ చెప్పింది. "అయితది. ఆ ఇంట్ల మూడు మగ్గాలు ఆడేటియి. రాత్రి పండుకుంటె టకటక ఇనొచ్చేది, ఇప్పుడు చెవులు ఊకె ఎతుకుతయ్. గని మూడంతస్తులు లేస్తె ఆరు కుటుంబాలు దిగుతయ్ బిడ్డా. ఆళ్ల పిల్లలకు చాక్లెట్లు ఎవలియ్యాలె?" అని, మేస్త్రీ వైపు తిరిగి, "చాయ్‌పత్తి అయిపోయిందంటివి, వచ్చి తీస్కపో!" అని కేకేసింది. ఆ కేకలో ఉన్న హక్కు చూసి నాకు అసూయ కలిగింది. నేను ఇరవై ఏండ్లుగా ఉంటున్న వీధిలో నన్నలా కేకేసేవాళ్లు లేరు, నేను కేకేయగలిగినవాళ్లూ లేరు.

సాయంత్రం రైలుకు టైమైంది. జంపఖానాను చుట్టి నులక తాడుతో కట్టింది. దారికి నీళ్ల సీసా, అమ్మకు పల్లిపట్టీలు తీసుకున్నాను. ముప్పై ఐదు రూపాయలు. ఫోన్‌లో సిగ్నల్ లేదు, నా దగ్గర ఐదువందల నోటే ఉంది, ఆమె గల్లాలో చిల్లర లేదు. పక్క దుకాణంలో మార్చుకొస్తానని లేచాను.

"రైలు పోతది, నడువు" అంటూ ఎర్ర గుడ్డ బుక్కు తీసింది. ఖాళీ పేజీ వెతికి, కళ్లద్దాలు సవరించుకుని, ఒక్కో అక్షరం నిదానంగా రాసింది.

'జంపఖానా బిడ్డ. సికింద్రాబాద్. 35.'